కోడి కణితి నుంచి రొమ్ము క్యాన్సర్ పరీక్ష దాకా: యాంటీబాడీకి చిక్కిన సంకేత ప్రోటీన్లు

కణం పెరగాలా, రెండుగా చీలాలా, ఉన్నచోటే ఉండిపోవాలా అన్నది చాలావరకు బయటి నుంచి అందే సంకేతాలను బట్టి తేలుతుంది. ఆ సంకేతాన్ని అందుకుని లోపలికి చేరవేసే పని కొన్ని ప్రోటీన్లది. వాటిలో ఏదైనా ఒకటి సంకేతం రాకపోయినా పనిచేస్తూ పోయినా, ఉండవలసినదానికన్నా ఎన్నో రెట్లు తయారైనా, కణం ఆగకుండా చీలుతూ పోతుంది. క్యాన్సర్ పుట్టే దారుల్లో ఇదొకటి. ఇప్పుడిది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన సంగతే గాని, 1970ల మధ్య వరకూ కణితిని కలిగించే సంకేత ప్రోటీన్‌ను విడిగా పట్టి చూపినవారు లేరు. ఒక్క కణంలో వేల రకాల ప్రోటీన్లు ఉంటాయి. సంకేత ప్రోటీన్ల వాటా వాటిలో చాలా స్వల్పం. బరువును బట్టి, విద్యుదావేశాన్ని బట్టి ప్రోటీన్లను వేరుచేసే పద్ధతులు అప్పటికే ఉన్నా, అవి అన్నిటినీ వరసగా పేర్చి చూపేవే తప్ప కావలసిన ఒక్కదాన్ని ఎంచి ఇచ్చేవి కావు. ఆ ఎంపిక చేసిపెట్టింది యాంటీబాడీ. ఈ రంగం చరిత్రంతా ఒక రకంగా యాంటీబాడీల చరిత్రే. ఏ కాలంలో ఎలాంటి యాంటీబాడీ చేతికి అందిందో, ఆ కాలంలో క్యాన్సర్ గురించి తెలిసింది కూడా అంతమేరకే.

యాంటీబాడీ మొదట వైద్యంలోకి వచ్చింది మందుగా. 1890లో బెర్లిన్‌లో ఎమిల్ వాన్ బెహ్రింగ్, కిటసాటో షిబాసబురో కలిసి, డిఫ్తీరియా, ధనుర్వాతం విషాలను తట్టుకున్న జంతువుల సీరంలో ఆ విషాన్ని అణచే గుణం ఉందనీ, ఆ సీరాన్ని మరో జంతువుకు ఎక్కిస్తే దానికీ రక్షణ కలుగుతుందనీ చూపారు. తర్వాతి దశాబ్దాల్లో మరో విషయం తేలింది. యాంటీబాడీ తాను పట్టుకునే పదార్థాన్ని మొత్తంగా గుర్తించదు, దాని ఉపరితలం మీద ఒక చిన్న భాగాన్ని మాత్రమే గుర్తిస్తుంది. ఆ భాగాన్ని ఎపిటోప్ అంటారు. తర్వాత వచ్చిన విజయాలకూ పొరపాట్లకూ మూలం ఈ ఒక్క లక్షణంలోనే ఉంది. 1941లో హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి వెలుగునిచ్చే రంగును తగిలించి, న్యుమోకాకస్ బ్యాక్టీరియా పదార్థాన్ని కణజాలంలోనే గుర్తించింది. మందుగా మొదలైన యాంటీబాడీ అక్కడ చూసే సాధనంగా మారింది. 1966లో పాల్ నకానే, బారీ పియర్స్ రంగుకు బదులు పెరాక్సిడేజ్ అనే ఎంజైమును తగిలించారు. ఎంజైము పనిచేసిన చోట ముదురు మరక మిగులుతుంది, దాన్ని మామూలు మైక్రోస్కోపుతోనే చూడవచ్చు. నేటి ఆసుపత్రి పాథాలజీ విభాగాల్లో కనిపించే గోధుమరంగు స్లైడ్లన్నీ ఆ పద్ధతి సంతానమే.

సంకేత ప్రోటీన్ల వైపు కథ ఒక కోడితో మొదలవుతుంది. 1909లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌కు, రొమ్ము భాగంలో పెద్ద కణితి ఉన్న ప్లిమత్ రాక్ జాతి కోడి ఒకటి వచ్చింది. పేటన్ రౌస్ ఆ కణితిని నూరి, కణాలు గాని బ్యాక్టీరియా గాని దాటలేని వడపోత గుండా పంపి, దిగిన ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న కోళ్లకు ఎక్కించారు. వాటికీ కణితులు వచ్చాయి. 1911లో ఈ ఫలితం అచ్చయినప్పుడు పట్టించుకున్నవారు తక్కువ. కోళ్ల జబ్బుకూ మనుషుల క్యాన్సర్‌కూ సంబంధమేమిటన్నది నాటి ధోరణి. రౌస్‌కు నోబెల్ బహుమతి రావడానికి 1966 దాకా పట్టింది. 1970ల నాటికి, ఆ వడపోత దాటివచ్చిన రౌస్ వైరస్‌లో కణితిని కలిగించే జన్యువు ఒకటే ఉందని తేలి, దానికి సార్క్ అని పేరుపెట్టారు. 1976లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డొమినిక్ స్టెహెలాన్, హెరాల్డ్ వార్మస్, పీటర్ వోట్, మైకేల్ బిషప్ ఆ జన్యువు అసలు కోళ్ల సొంత కణాల్లోనిదేనని, వైరస్ దాన్ని ఎత్తుకుపోయిందని చూపారు. జన్యువు సంగతి తెలిసింది. అది తయారుచేసే ప్రోటీన్ ఏమిటో, అది ఏం చేస్తుందో మాత్రం తెలియదు.

ఆ ప్రోటీన్‌ను పట్టుకోవడానికి డెన్వర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో రేమండ్ ఎరిక్సన్ ప్రయోగశాలలో జోన్ బ్రుగ్గే ఎంచుకున్న దారి 1960లలో ఎస్‌వి40 అనే మరో వైరస్ మీద పనిచేసినవారి నుంచి వచ్చింది. కణితి ఉన్న చిట్టెలుకల సీరంలో, కణితిలోని వైరస్ ప్రోటీన్‌ను గుర్తించే యాంటీబాడీలు ఉంటాయని వారు కనిపెట్టారు. అంటే యాంటీబాడీ కోసం ప్రోటీన్‌ను ముందుగా శుద్ధి చేయనక్కరలేదు. జంతువే ఆ పని చేసిపెడుతుంది. కోడి విషయంలో చిక్కు ఏమిటంటే, రౌస్ వైరస్ కోడి కణాల్లో విపరీతంగా పెరుగుతుంది. అందుకే కోడి సీరం నిండా వైరస్ పైపొర ప్రోటీన్లకు వ్యతిరేకమైన యాంటీబాడీలే ఉంటాయి, సార్క్‌ను గుర్తించేవి ఉన్నా వాటి సందడిలో కలిసిపోతాయి. బ్రుగ్గే అప్పుడే పుట్టిన కుందేలు పిల్లలకు వైరస్‌ను ఎక్కించింది. కుందేలు కణాల్లో ఈ వైరస్ కణితిని కలిగిస్తుంది గాని కొత్త వైరస్‌లను ఉత్పత్తి చేయదు. పసి కుందేలుకు రోగనిరోధక శక్తి ఇంకా బలపడదు కనుక కణితి నిలదొక్కుకుంటుంది. ఆ కుందేళ్లలో కొన్నిటి సీరం పనికొచ్చింది.

తర్వాతి పని ఓపికతో కూడినది. కణితి కణాలకు రేడియోధార్మిక గంధకం ఉన్న మెథియోనిన్‌ను అందిస్తే అవి తయారుచేసే కొత్త ప్రోటీన్లన్నీ రేడియోధార్మికత సంతరించుకుంటాయి. కణాలను కరిగించి, కుందేలు సీరం కలిపితే యాంటీబాడీలు తమ ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. యాంటీబాడీని అంటిపెట్టుకునే గుణమున్న స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియాను చంపి అందులో కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే బ్యాక్టీరియాతోపాటు యాంటీబాడీ, దానితోపాటు ప్రోటీన్ అడుగుకు చేరతాయి. మిగతా వేల ప్రోటీన్లు పైనే ఉండిపోతాయి. అడుగున చేరినదాన్ని జెల్‌లో పరిగెత్తించి ఎక్స్‌రే ఫిల్ముకు ఆనిస్తే, సుమారు 60,000 డాల్టన్ల చోట ఒక గీత పడింది. సార్క్ జన్యువును పోగొట్టుకున్న వైరస్ సోకిన కణాల్లో ఆ గీత లేదు. ఇదే ఈ ప్రయోగానికి ప్రాణం. యాంటీబాడీ చూపిన గీత నిజమైనదేనా అన్న ప్రశ్నకు, ఆ ప్రోటీన్ ఉండే వీలే లేని కణాలను పక్కన పెట్టి చూడడం తప్ప ఇంతకుమించిన జవాబు ఇప్పటికీ లేదు. 1977లో నేచర్ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసంతో, కణితిని కలిగించే సంకేత ప్రోటీన్ మొదటిసారి కంటికి చిక్కింది.

ఏడాది తిరగకముందే అదే సీరం మరో రహస్యం చెప్పింది. మార్క్ కోలెట్, ఎరిక్సన్ కలిసి, అడుగుకు చేరిన యాంటీబాడీ, సార్క్ జంటకు రేడియోధార్మిక ఫాస్ఫేటు ఉన్న ఏటీపీని కలిపారు. ఫాస్ఫేటు వెళ్లి దేనికో అతుక్కుంది. దేనికా అని చూస్తే, సార్క్‌ను పట్టుకుని ఉన్న యాంటీబాడీ భారీ గొలుసుకే. పట్టుకోవడానికి వేసిన యాంటీబాడీ మీదే ప్రోటీన్ తన పని చూపించింది. సార్క్ ఒక కైనేజ్ అని, అంటే ఏటీపీ నుంచి ఫాస్ఫేటును తీసి మరో ప్రోటీన్‌కు తగిలించే ఎంజైమని 1978లో అలా తేలింది. బిషప్, వార్మస్‌ల బృందం కూడా అదే ఏడు అదే నిర్ణయానికి వచ్చింది. ఏటీపీ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట: ఆ అణువును 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడానికి ఫిస్క్, సుబ్బారావు 1925లో రూపొందించిన పద్ధతి దశాబ్దాలపాటు జీవరసాయన ప్రయోగశాలల్లో రోజువారీ పనిముట్టయింది. భీమవరంలో పుట్టిన మనిషి పని సంకేత ప్రోటీన్ల చరిత్రకు ఇలా ఒక చివర పునాదిగా ఉంది.

ఫాస్ఫేటు ప్రోటీన్‌లో ఏ అమైనో ఆమ్లానికి అతుక్కుంటోంది? అప్పటివరకు తెలిసిన కైనేజ్‌లన్నీ సెరీన్‌కో త్రియోనిన్‌కో తగిలించేవి. సార్క్ కూడా త్రియోనిన్‌కే తగిలిస్తోందని మొదట రాశారు. ప్రోటీన్‌ను ఆమ్లంలో ముక్కలు చేసి, విద్యుత్ క్షేత్రంలో పలుచని పలక మీద పరిగెత్తించినప్పుడు ఫాస్ఫేటు ఉన్న త్రియోనిన్, ఫాస్ఫేటు ఉన్న టైరోసిన్ ఒకే చోట ఆగుతాయి, అందుకే ఆ పొరపాటు. 1979లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో టోనీ హంటర్ పాలియోమా అనే మరో వైరస్ ప్రోటీన్‌తో అదే పరీక్ష చేస్తూ, కొత్తగా బఫర్ కలుపుకోవడానికి బద్ధకించి ముందు వాడిందే మళ్లీ వాడాడు. పాతబడిన బఫర్ ఆమ్లత కాస్త పెరిగి ఉంది, పీహెచ్ 1.9 ఉండవలసింది 1.7కు పడిపోయింది. ఆ కొద్ది తేడాకు రెండు మచ్చలు విడిపోయాయి. ఫాస్ఫేటు టైరోసిన్ మీద ఉంది. 1980లో హంటర్, బార్ట్ సెఫ్టన్ సార్క్ విషయంలోనూ ఇదే నిజమని చూపారు. మామూలు కణాల్లో ఫాస్ఫేటు మోసే అమైనో ఆమ్లాలన్నిటిలో టైరోసిన్ వాటా సుమారు 0.03 శాతమే. రౌస్ వైరస్ సోకితే అది పదింతల దాకా పెరుగుతుంది. ఇంత అరుదైన గుర్తును పట్టడానికి రేడియోధార్మికతతో కుస్తీ పట్టడం కన్నా, ఆ గుర్తునే గుర్తించే యాంటీబాడీ ఉంటే బాగుండునని అందరికీ అనిపించడం సహజం.

అప్పటికి అలాంటి యాంటీబాడీ తయారుచేసే దారి ఒకటి తెరుచుకుని ఉంది. కుందేలు సీరం ఎంత మంచిదైనా కుందేలు చనిపోతే అయిపోతుంది. మరో కుందేలు ఇచ్చే సీరం అచ్చం అదే కాదు. పైగా ఒక సీరంలో వందల రకాల యాంటీబాడీలు కలిసి ఉంటాయి. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఈ చిక్కు విడదీశారు. గొర్రె ఎర్ర రక్తకణాలు ఎక్కించిన ఎలుక ప్లీహంలోని కణాలను, గాజుపాత్రలో అంతులేకుండా పెరిగే మైలోమా క్యాన్సర్ కణాలతో కలిపివేశారు. పుట్టిన సంకర కణం ఒక తల్లి నుంచి యాంటీబాడీ తయారీని, మరో తల్లి నుంచి చావులేనితనాన్ని తెచ్చుకుంది. అలాంటి ఒక్క కణం సంతానమంతా ఒకే రకం యాంటీబాడీని ఎన్నేళ్లయినా తయారుచేస్తుంది. దీనికే మోనోక్లోనల్ అని పేరు. బ్రిటన్‌లో దీనికి పేటెంటు తీసుకోలేదు. ఆ నిర్లక్ష్యం మీద తర్వాత పెద్ద రభస జరిగింది గాని, పద్ధతి అంత వేగంగా ప్రపంచమంతా పాకడానికి అదీ ఒక కారణమే. కోలర్, మిల్‌స్టైన్, నీల్స్ యెర్న్‌లకు 1984లో నోబెల్ వచ్చింది. క్యాన్సర్ ప్రోటీన్‌ను పట్టించే సాధనం క్యాన్సర్ కణం సాయంతోనే తయారు కావడం ఈ కథలోని వింతల్లో ఒకటి.

1981లో ఎంఐటీలో అలోంజో రాస్, డేవిడ్ బాల్టిమోర్, హెర్మన్ ఐసెన్ ఫాస్ఫేటు ఉన్న టైరోసిన్‌ను పోలిన ఒక కృత్రిమ రసాయనాన్ని చూపి, దాని మీద మోనోక్లోనల్ యాంటీబాడీ తెప్పించారు. తర్వాత వచ్చినవాటిలో బాగా ప్రచారంలోకి వచ్చింది బోస్టన్‌లోని డానా-ఫార్బర్ సంస్థలో థామస్ రాబర్ట్స్ ప్రయోగశాలలో బ్రయన్ డ్రుకర్ తయారుచేసిన 4జీ10. ఏ ప్రోటీన్ అన్నది పట్టించుకోకుండా టైరోసిన్ మీద ఫాస్ఫేటు ఎక్కడున్నా అది అంటుకుంటుంది. డ్రుకర్ దాన్ని తర్వాత మరో పనికి వాడుకున్నాడు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా కణాల్లో బీసీఆర్-ఏబీఎల్ అనే సంకర ప్రోటీన్ రోజంతా ఫాస్ఫేటులు తగిలిస్తూనే ఉంటుంది. ఆ కణాల్లో 4జీ10 గీతల మీద గీతలు చూపుతుంది. ఇమాటినిబ్ అనే రసాయనాన్ని కలిపినప్పుడు ఆ గీతలు మాయం కావడం, మందు గురి తప్పలేదనడానికి సాక్ష్యమైంది. 2001లో ఇమాటినిబ్ అమెరికాలో ఆమోదం పొందింది.

ఆ గీతలు కనిపించే పద్ధతి కూడా ఇదే కాలంలో కుదురుకుంది. 1979లో బాజెల్‌లో హారీ టోబిన్, థియోఫిల్ స్టేహెలిన్, జూలియన్ గోర్డన్ జెల్‌లో బరువు వారీగా వేరుపడిన ప్రోటీన్లను విద్యుత్ ప్రవాహంతో నైట్రోసెల్యులోజ్ కాగితం మీదికి దింపారు. కాగితం మీద ఉన్న ప్రోటీన్‌ను యాంటీబాడీ తేలిగ్గా అందుకుంటుంది. సియాటిల్‌లో నీల్ బర్నెట్ 1981లో ఇలాంటిదే ప్రచురిస్తూ దానికి వెస్టర్న్ బ్లాట్ అని పేరుపెట్టాడు. ఎడ్విన్ సదరన్ పేరు మీద డీఎన్‌ఏ పద్ధతి ఉంది కనుక అదొక దిక్కుల చమత్కారం. యాంటీబాడీ కాగితానికే అంటుకోకుండా ఖాళీ చోట్లను ముందు మరో ప్రోటీన్‌తో కప్పాలి. 1980ల నుంచి చాలా ప్రయోగశాలల్లో ఆ పని చేసేది కిరాణా కొట్లో దొరికే వెన్నలేని పాలపొడి. అయితే పాలలోని కేసీన్‌కే బోలెడు ఫాస్ఫేటు ఉంటుంది కనుక, ఫాస్ఫేటును గుర్తించే యాంటీబాడీలు వాడేచోట పాలపొడికి బదులు పశువుల సీరం ఆల్బుమిన్ వాడమని చెబుతారు.

ఇంతవరకు జరిగినదంతా గాజుపాత్రల్లోని కణాల్లో. ఆసుపత్రికి చేరిన దారి హెర్2 ప్రోటీన్‌ది. 1980ల మొదట్లో ఎంఐటీలో రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాలలో, గర్భంలో ఉండగా ఇథైల్‌నైట్రోసోయూరియా అనే రసాయనం తగిలిన ఎలుకల నాడీకణితుల డీఎన్‌ఏను మామూలు చుంచు కణాల్లోకి పంపితే అవి కణితి కణాలయ్యాయి. ఆ డీఎన్‌ఏ ఏ ప్రోటీన్‌ను పుట్టిస్తోందో పట్టింది భారతీయ శాస్త్రవేత్త లక్ష్మీచరణ్ పాధి. ఆ కణాలతో కణితులు వచ్చిన చుంచుల సీరంతో అతను 1982లో 185,000 డాల్టన్ల ప్రోటీన్ ఒకటి బయటికి లాగాడు. దారి బ్రుగ్గే కుందేళ్లదే, జంతువు మాత్రం మారింది. 1984లో అది ఎదుగుదల సంకేతాన్ని అందుకునే ఈజీఎఫ్ గ్రాహకానికి దగ్గరి చుట్టమని తేలింది. మరుసటి ఏడు మనిషిలోని జన్యువు దొరికింది. హెర్2 అన్న పేరు ఆ పరిశోధనల నుంచి వచ్చినదే. అదే 1985లో జెఫ్రీ డ్రెబిన్, మార్క్ గ్రీన్ ఆ ప్రోటీన్‌ను బయటి నుంచి పట్టే మోనోక్లోనల్ యాంటీబాడీని కణితి కణాలకు కలిపితే, ఉపరితలం మీద ప్రోటీన్ తగ్గి, కణాలు మామూలు రూపానికి మళ్లాయని చూపారు. చూసే సాధనం మళ్లీ మందు కాగలదన్న సూచన అది.

1987లో లాస్ ఏంజెలెస్‌లో డెన్నిస్ స్లామన్ బృందం 189 రొమ్ము కణితుల డీఎన్‌ఏను పరీక్షించి, సుమారు 30 శాతంలో హెర్2 జన్యువు ప్రతులు పెరిగాయని, అలాంటి స్త్రీలలో జబ్బు తొందరగా తిరగబెట్టి ఆయుష్షు తగ్గుతోందని ప్రకటించింది. తర్వాత వచ్చిన లెక్కల్లో ఆ శాతం 15 నుంచి 20 దగ్గర కుదురుకుంది. మొదట కొందరికి ఇదే ఫలితం రాలేదు, వివాదం రేగింది. ఆ వివాదంలో సగం పాపం యాంటీబాడీలదే. ఆసుపత్రుల్లో కణితి ముక్కను ఫార్మలిన్‌లో ఊరబెట్టి, మైనపు బ్లాకులో పెట్టి ఏళ్ల తరబడి దాస్తారు. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి ముడివేస్తుంది. ముడిలో ఎపిటోప్ దాగిపోతే యాంటీబాడీకి అంతా శూన్యమే. గడ్డకట్టించిన ముక్కలో స్పష్టంగా కనిపించే హెర్2, అదే కణితి మైనపు బ్లాకులో కనిపించకపోవచ్చు. 1994లో మైకేల్ ప్రెస్, స్లామన్ తదితరులు 28 యాంటీబాడీలను ఒకే కణితుల మీద పోల్చి చూస్తే వాటి పట్టులో తేడా ఆశ్చర్యం కలిగించేంతగా ఉంది. కొన్ని చాలావరకు పట్టాయి, కొన్ని దాదాపు ఏమీ పట్టలేదు. ఈ లోపల 1991లో షాన్‌రాంగ్ షి, మార్క్ కీ, క్రిషన్ కాల్రా స్లైడ్లను ద్రావణంలో ఉంచి మైక్రోవేవ్ ఓవెన్‌లో వేడిచేస్తే ఫార్మలిన్ దాచిన చాలా ఎపిటోప్‌లు మళ్లీ బయటపడతాయని కనుగొన్నారు. వంటింటి పరికరంతో చేసిన ఈ చిట్కా లేకపోతే మైనపు బ్లాకుల మీద నేడు జరిగే పరీక్షల్లో ఎక్కువ భాగం సాధ్యమయ్యేవే కావు.

హెర్2ను పట్టుకునే 4డీ5 అనే ఎలుక యాంటీబాడీని జెనెన్‌టెక్ సంస్థలో 1992లో పాల్ కార్టర్ బృందం మనిషి శరీరం తిరస్కరించని రూపానికి మార్చింది. అదే ట్రాస్టుజుమాబ్. హెర్2 లేని రోగికి ఈ మందు పనికిరాదు, పైగా గుండెకు చేటు చేయవచ్చు. అందుచేత మందుతోపాటు పరీక్ష కూడా కావలసివచ్చింది. 1998 సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రాస్టుజుమాబ్‌నూ, డెన్మార్క్‌కు చెందిన డాకో సంస్థ తయారుచేసిన హెర్‌సెప్‌టెస్ట్‌నూ కలిపి ఆమోదించింది. మందు, దానికి తోడు పరీక్ష అనే జోడీకి క్యాన్సర్ వైద్యంలో అదే నమూనా అయింది.

పరీక్ష క్రమం ఇలా ఉంటుంది. బ్లాకు నుంచి నాలుగైదు మైక్రాన్ల మందాన కోసిన పొరను గాజు పలక మీద ఎక్కించి మైనం కరిగించి తీసేస్తారు. 95 డిగ్రీలు దాటిన వేడినీటి తొట్టిలో 40 నిమిషాలు ఉంచి ఎపిటోప్‌లను బయటపెడతారు. కణజాలంలో సహజంగా ఉండే పెరాక్సిడేజ్‌ను ముందే చంపుతారు, లేకుంటే అదే మరక వేస్తుంది. హెర్2 లోపలి భాగాన్ని గుర్తించే కుందేలు యాంటీబాడీని అరగంట వదులుతారు. దాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీకి ఎంజైము తగిలించి ఉంటుంది. డయామినోబెంజిడిన్ కలిపితే హెర్2 ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది, కేంద్రకాలకు హెమటాక్సిలిన్ నీలం ఇస్తుంది. ప్రతిసారీ పక్కన మరో గాజు పలక ఉంటుంది. దాని మీద హెర్2 విపరీతంగా ఉండే ఎస్‌కే-బీఆర్-3, కొద్దిగా ఉండే ఎండీఏ-ఎంబీ-175, లేనట్టే ఉండే ఎండీఏ-ఎంబీ-231 కణాలుంటాయి. ఆ మూడూ తమ రంగు తాము చూపకపోతే ఆ రోజు ఫలితాన్ని నమ్మకూడదు. 1977 నాటి సార్క్ లేని వైరస్ చేసిన పనే ఇక్కడ ఈ కణాలు చేస్తాయి.

చూసి అంకె వేసేది పాథాలజిస్టు కన్ను. కణం చుట్టూ పొరంతా ముదురుగా మరక పడి, 10 శాతానికి మించిన కణాల్లో అలా ఉంటే 3+. కోళ్లకు కట్టే ఇనుప వలలా కనిపించే ఆ నమూనాను చూశాక సందేహానికి తావుండదు. పూర్తి పొర మీదే గాని పలుచగా ఉంటే 2+, అరకొరగా, కనీకనపడకుండా ఉంటే 1+, లేకుంటే 0. 3+ వస్తే మందు, 0, 1+ వస్తే అక్కరలేదు, 2+ వస్తే జన్యు ప్రతులను లెక్కపెట్టే ఫిష్ పరీక్ష. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. పరీక్షలోని యాంటీబాడీ ప్రోటీన్ లోపలి భాగాన్ని పట్టుకుంటుంది, మందు బయటి భాగాన్ని. బయటి భాగం తెగిపోయి లోపలిది మిగిలిన హెర్2 ముక్కలు కొన్ని కణితుల్లో ఉంటాయి. వాటికీ మరక పడుతుంది, మందుకు మాత్రం పట్టు దొరకదు. యాంటీబాడీ చెప్పేది తన ఎపిటోప్ ఉందని మాత్రమే. ప్రోటీన్ నిండుగా ఉందనో పనిచేస్తోందనో అది చెప్పదు.

పరీక్ష వ్యాపించినకొద్దీ లోపాలూ బయటపడ్డాయి. 2007లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం, పాథాలజిస్టుల సంఘం కలిసి, అప్పటికి జరుగుతున్న హెర్2 పరీక్షల్లో సుమారు 20 శాతం తప్పు కావచ్చని ఒప్పుకున్నాయి. దిద్దుబాటులో ఎక్కువ భాగం యాంటీబాడీ గురించి కాదు, దానికి ముందు జరిగే పనుల గురించి. కణితి ముక్క ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలు ఉండాలి, 48 గంటలు మించకూడదు అన్నారు. శుక్రవారం సాయంత్రం తీసిన ముక్క సోమవారం వరకూ సీసాలోనే ఉండిపోయే వాస్తవాన్ని గుర్తించి ఆ గడువును తర్వాత 72 గంటలకు పెంచారు. 3+ అనడానికి 2007లో 30 శాతం కణాలు కావాలన్నారు, 2013లో మళ్లీ 10కి దించారు. ఒకే ప్రోటీన్, ఒకే మరక, గీత మాత్రం రెండుసార్లు జరిగింది.

ఫాస్ఫేటు తగిలిన రూపాన్ని మాత్రమే గుర్తించే యాంటీబాడీలు ఈలోగా పరిశోధనశాలల్లో మామూలైపోయాయి. సంకేతాన్ని మోసే ఏకేటీ, ఈఆర్‌కే వంటి ప్రోటీన్లలో ఫలానా చోట ఫాస్ఫేటు ఉందా లేదా అని చెప్పే యాంటీబాడీల అమ్మకం మీదే కంపెనీలు నిలబడ్డాయి. మసాచుసెట్స్‌లో 1999లో మొదలైన సెల్ సిగ్నలింగ్ టెక్నాలజీ వాటిలో ముందు వరసలోది. ప్రోటీన్ ఉనికిని కాక అది పనిచేస్తోందా అన్నది చెప్పగలవు కనుక ఇవి ఆసుపత్రిలో ఇంకా ఎక్కువ పనికిరావాలి. కానీ కణితికి రక్తం ఆగిన నిమిషాల్లోనే ఫాస్ఫేటులు రాలిపోవడం మొదలవుతుంది. ఫార్మలిన్ చేరేసరికి మిగిలింది రోగి ఒంట్లో ఉన్నదేనని చెప్పడం కష్టం. అందుకే అవి ఎక్కువగా పరిశోధనకే పరిమితమయ్యాయి.

కొన్న యాంటీబాడీ పెట్టె మీద రాసిందే పట్టుకుంటుందన్న నమ్మకం కూడా సడలింది. 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లూక్‌థున్, వారితో మరి వందమందికి పైగా శాస్త్రవేత్తలు, జంతువుల సీరం మీద ఆధారపడడం మాని, జన్యు వరస తెలిసిన యాంటీబాడీలనే వాడాలని నేచర్ పత్రికలో కోరారు. 2023లో ఒక బృందం 65 ప్రోటీన్లకు అమ్మకంలో ఉన్న 614 యాంటీబాడీలను, ఆ ప్రోటీన్ జన్యువును తొలగించిన కణాల సాక్షిగా పరీక్షించింది. జన్యు వరస తెలిసి తయారైన రీకాంబినెంట్ యాంటీబాడీలు సగటున మెరుగ్గా నిలిచాయి. పనికిరానివి ఎన్నో వ్యాసాల్లోకి ఎక్కి ఉన్నాయని కూడా అప్పుడే తేలింది.

హెర్2 పరీక్షకు అసలు ఇబ్బంది ఈ మధ్యనే ఎదురైంది. ట్రాస్టుజుమాబ్‌కు విషపు మందును తగిలించిన ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్, హెర్2 కొద్దిగా ఉన్న రొమ్ము క్యాన్సర్‌లోనూ ఆయుష్షు పెంచుతోందని 2022లో డెస్టినీ-బ్రెస్ట్04 పరీక్ష చూపింది. అదే ఏడు ఆగస్టులో 1+ వచ్చినవారికీ, 2+ వచ్చి జన్యు ప్రతులు పెరగనివారికీ దాన్ని ఆమోదించారు. రొమ్ము క్యాన్సర్లలో సుమారు సగం ఈ తరగతిలోకి వస్తాయి. హెర్‌సెప్‌టెస్ట్‌ను మొదట తయారుచేసింది 3+ను మిగతావాటి నుంచి వేరుచేయడానికి. 0కీ 1+కీ మధ్య గీత ఎక్కడ అన్నది అప్పట్లో ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే రెండిటికీ జవాబు ఒకటే: మందు లేదు. ఆ గీత మీదే ఇప్పుడు పాథాలజిస్టులు తరచు విభేదిస్తున్నారు. 2025 జనవరిలో ఆమోదం మరో మెట్టు కిందికి దిగింది. 10 శాతం లోపు కణాల్లో మాత్రమే కనీకనపడని మరక ఉన్నదాన్ని అంతకుముందు 0 అని రాసేవారు. ఇప్పుడు దాన్ని పెద్ద లెన్సు కింద వెతికి, పూర్తిగా మరక లేనిదాని నుంచి వేరుగా రాయమంటున్నారు.